బీజాపూర్ రోడ్డు: తప్పు మర్రిది కాదు, రైతుది కాదు

2024 డిసెంబర్ 2న చేవెళ్ల మండలం ఆలూరు గేటు దగ్గర, రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకొని అమ్ముకుంటున్న వాళ్ల మీదికి లారీ దూసుకొచ్చింది. నలుగురు చనిపోయారు. ఆ లారీ చివరికి చెట్టుకు గుద్దుకొని ఆగింది. ఏడాది నిండకముందే, 2025 నవంబర్ 3న పొద్దున్నే, అదే మండలంలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ వచ్చి తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. టిప్పర్‌లోని కంకరంతా సీట్లలో కూర్చున్న మనుషుల మీద పడింది. 19 మంది చనిపోయారు. ఆదివారం ఇంటికి వచ్చి, సోమవారం కాలేజీకి బయల్దేరిన పిల్లలు కూడా ఆ బస్సులో ఉన్నారు.

రెండూ ఒకే రోడ్డు మీద జరిగాయి. కాగితాల మీద దాని పేరు 163వ నంబర్ జాతీయ రహదారి. మనందరి నోట్లో మాత్రం బీజాపూర్ రోడ్డు.

శవాలు ఇళ్లకు చేరకముందే తీర్పులు మొదలయ్యాయి. మర్రిచెట్లు అడ్డం ఉన్నాయి కాబట్టే రోడ్డు వెడల్పు కాలేదని కొందరన్నారు. రైతులు భూమి ఇవ్వడానికి సతాయించారు కాబట్టే ఆలస్యమైందని ఇంకొందరన్నారు. రోడ్డు పక్కన కూర్చొని కూరగాయలు అమ్మడమే తప్పన్నవాళ్లూ ఉన్నారు. నోరులేని చెట్టు మీద, నోరున్నా ఎవరూ వినని రైతు మీద నేరం మోపడం తేలికే. అందుకే ఈ రోడ్డు కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఈ రోడ్డు వెంట పుట్టి, ఈ రోడ్డు మీదుగానే పంట అమ్ముకొని బతుకుతున్న మేము చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

దారి ఎటు నుంచి ఎటు

హైదరాబాద్ అంచున అప్పా జంక్షన్ దగ్గర మొదలుపెడదాం. ఇటు హిమాయత్ సాగర్, అటు ఉస్మాన్ సాగర్, ఆ రెండు చెరువుల నడుమ నుంచి రోడ్డు మొయినాబాద్ పోతుంది. అక్కడి నుంచి చేవెళ్ల. చేవెళ్ల దాటితే ఆలూరు గేటు, అంగడి చిత్తంపల్లి, మన్నెగూడ. మన్నెగూడ దగ్గర దారి చీలుతుంది. ఒకటి వికారాబాద్ వైపు, రెండోది పరిగి మీదుగా కొడంగల్ వైపు. కొడంగల్ దాటితే కర్ణాటక, ఆ పైన బీజాపూర్. ఒకప్పుడు గోల్కొండ సుల్తానులకు, బీజాపూర్ సుల్తానులకు మధ్య రాకపోకలు సాగిన దిక్కు ఇదే.

ఈ రోడ్డు మీద ఊళ్లు తక్కువ, గేట్లు ఎక్కువ. ఊరు లోపల ఎక్కడో ఉంటుంది. ఊరి దారి వచ్చి పెద్దరోడ్డుకు కలిసే చోటును మనం గేటు అంటాం. అక్కడ ఒక చాయ్ డబ్బా, ఒక పంక్చర్ దుకాణం, బస్సు కోసం నిలబడ్డ నలుగురు, నాలుగు కూరగాయల గంపలు ఉంటాయి. పటంలో గేటు ఉండదు. ఇంజనీరు గీసే గీతలోనూ ఉండదు. కానీ మన బతుకంతా గేటు దగ్గరే. మందు బస్తా దిగేది అక్కడే, పిల్ల కాలేజీ బస్సు ఎక్కేది అక్కడే, టమాట ట్రేలు ఆటోలోకి ఎక్కేది అక్కడే. 2024లో లారీ తొక్కేసింది అలాంటి ఒక గేటునే.

ఈ చుట్టుపక్కల పండేది నగరం తినే తిండి. టమాట, క్యారెట్, బీట్‌రూట్, గోబీ, కొత్తిమీర, పాలకూర, బంతి, చామంతి. మెట్ట చెలకల్లో కంది, పత్తి, మక్క. తెల్లారేసరికి మన సరుకు గుడిమల్కాపూర్‌లోనో మెహిదీపట్నం రైతుబజార్‌లోనో ఉండాలి. రాత్రి రెండు గంటలకు ట్రాలీ ఆటో ఎక్కి, ఎదురుగా వచ్చే టిప్పర్ల లైట్లు కళ్లలో కొడుతుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకొని పోయేది మనమే. కాబట్టి రోడ్డు వెడల్పు కావాలని అందరికంటే ముందు అడిగింది, అందరికంటే ఎక్కువ కోరుకున్నది కూడా మనమే. రైతులు రోడ్డుకు అడ్డమనే వాళ్లు ఒక్కసారి ఆ ఆటోలో మన పక్కన కూర్చొని రండి.

మర్రి నీడ ఎవరి కోసం

చేవెళ్ల దారిలో 900కు పైగా మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బాటసారుల కోసం పెట్టినవి. ఎడ్లబండ్ల కాలంలో రోడ్డంటే నీడ కూడా అనే అర్థం. బండి కట్టి పట్నం పోవాలంటే పగలు సగం, రాత్రి సగం పట్టేది. మధ్యలో ఎడ్లను విప్పి మేత వేయడానికి, మనిషి ఇంత సద్ది తినడానికి మర్రి నీడే దిక్కు. మా తాతల తరం ఆ కథలు చెప్పేది. మా చిన్నతనానికి బస్సులు వచ్చాయి గానీ, రెండు వైపుల మర్రి కొమ్మలు పైన కలిసిపోయి, రోడ్డు మీద ఎండ పడని చోట్లు మా కళ్లతో చూశాం. బస్సు టాపు మీద గంపలు వేసుకొని కూర్చుంటే ఊడలు తలకు తగిలేవి.

ఆ చెట్లను పెట్టిన పాలన మంచిదని మేం అనడం లేదు. జాగీర్దార్లు, వెట్టి, లెవీ, ఇవన్నీ ఆ కాలంవే. కానీ ఆ కాలం రోడ్డులో కూడా నడిచేవాడికి ఒక చోటు ఉండేది. ఇప్పుడు వేస్తున్న నాలుగు లైన్ల రోడ్డులో నడిచేవాడికి, బర్రెను తోలుకుపోయేవాడికి, గంప పెట్టుకొని అమ్మేవాడికి చోటు ఎక్కడ? మేం అడిగేది ఇదొక్కటే. ఈ వ్యాసం అంతా దీని గురించే.

రోడ్డు వెంట వచ్చినవి, రానివి

రోడ్డు వస్తే అభివృద్ధి వస్తుందంటారు. మా రోడ్డు వెంట ఏమేం వచ్చాయో, ఏమేం రాలేదో లెక్క చూద్దాం.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. ఆ తర్వాత మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో కట్టారు. నగరం మునగకుండా, నగరానికి తాగునీళ్లు అందేలా కట్టినవి అవి. ఆ నీళ్లు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. మంచిదే. చెరువులు కాపాడాలనే మాటకు మేం ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. కానీ పాతికేళ్లు ఏం జరిగింది? రైతు ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తే జీవో గుర్తొచ్చింది. పెద్దవాళ్ల ఫామ్‌హౌస్‌లకు ప్రహరీలు లేస్తుంటే ఎవరికీ గుర్తు రాలేదు. జీవో ఉంది, ధర రాదు అని భయపెట్టి రైతు దగ్గర అగ్గువకు భూములు కొన్నారు. కొనడం అయిపోయాక, 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. చెరువు పేరు చెప్పి త్యాగం చేసింది ఒకరు, లాభం తీసుకున్నది ఇంకొకరు.

2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను చేవెళ్ల నుంచే మొదలుపెట్టారు. 2008లో ప్రాణహిత–చేవెళ్ల ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది. పథకం పేరులోనే చేవెళ్ల ఉంది. ప్రాణహిత నీళ్లు వస్తాయి, బోర్ల బాధ తప్పుతుంది అని మా పెద్దలు ఎదురుచూశారు. 2016కు ఆ పథకం కాళేశ్వరంగా మారింది. చేవెళ్ల పేరూ పోయింది, నీళ్లూ పోయాయి. పాలమూరు–రంగారెడ్డి ద్వారా ఇస్తామన్నారు. దానికి 2015లో శంకుస్థాపన జరిగింది. మా చెలకలు ఇప్పటికీ వాన మీద, బోరు మీదే ఆధారపడి ఉన్నాయి. వెయ్యి అడుగుల బోరు వేయించి అప్పులపాలైన ఇళ్లు ఏ గేటు దగ్గర అడిగినా చూపిస్తారు.

ఇంకొంచెం ముందుకు, పూడూరు మండలానికి పోదాం. దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళం రాడార్ కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన చేశారు. మూసీ పుట్టే అనంతగిరి కొండల దిక్కున ఉన్న అడవి అది. అక్కడ చెట్ల గురించి, మూసీ గురించి జనం ఎంత మొత్తుకున్నా ఆగలేదు. అంటే ప్రభుత్వం తలుచుకుంటే అడవికి అడవే అడ్డం కాదు. మరి 46 కిలోమీటర్ల రోడ్డుకు మర్రిచెట్లు ఏళ్ల తరబడి అడ్డమయ్యాయంటే మేం నమ్మాలా?

ఇక రోడ్డు ఆ చివర, కొడంగల్ ముఖ్యమంత్రి గారి నియోజకవర్గం. అక్కడ దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా కోసం భూములు తీసుకుంటామని 2024లో నోటిఫికేషన్ ఇచ్చారు. నవంబర్ 11న అభిప్రాయ సేకరణ రోజు ఏం జరిగిందో, ఆ తర్వాత రాత్రిళ్లు ఇళ్లలో ఏం జరిగిందో రాష్ట్రమంతా చూసింది. గిరిజన రైతులు జైళ్లలో ఉన్నారు. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకుంది. మొదటే కూర్చొని మాట్లాడి ఉంటే ఇంత దూరం వచ్చేదా?

నీళ్లు రావు. ఆసుపత్రి రాదు. గోదాము రాదు. ప్లాట్ల బోర్డులు మాత్రం కిలోమీటరుకు ఒకటి వస్తాయి. ఈ రోడ్డు మీద మా దగ్గరి నుంచి నగరానికి పోయేవి కూరగాయలు, పాలు, పూలు, కూలీలు, ఇప్పుడు భూమి కూడా. నగరం నుంచి మా దగ్గరికి వచ్చేవి టిప్పర్లు, రియల్ ఎస్టేట్ దళారులు. రోడ్డుకు రెండు వైపులు ఉంటాయంటారు గానీ, మా రోడ్డు ఎప్పుడూ ఒక వైపే నడిచింది.

చెట్టుకూ చేనుకూ తగాదా

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేయాలని నిర్ణయించారు. మొయినాబాద్‌కు, చేవెళ్లకు బైపాస్‌లు అన్నారు. మర్రిచెట్లు నరకొద్దని నగరంలోని ప్రకృతి ప్రేమికులు కొందరు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. 2025 చివరికి గానీ ఆ అడ్డంకి తొలగలేదు.

చెట్ల కోసం కోర్టుకు పోయిన వాళ్లను మేం తిట్టం. చెట్టు బతకాలనడం తప్పు కాదు. కానీ వాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. చెట్టును ఉంచి రోడ్డును పక్కకు జరపండి అంటున్నారు. ఆ పక్క ఎవరిది? పక్కన ఉన్నది ప్రభుత్వ బంజరు కాదు. అర ఎకరం, ఎకరం ఉన్న రైతు చేను. చెట్టు కోసం రోడ్డు 20 మీటర్లు జరిగితే, ఆ 20 మీటర్లలో ఒకడి బోరు పోతుంది, ఒకడి పాలిహౌస్ పోతుంది, ఒకామె మిగిలిన పది గుంటలూ రెండు ముక్కలవుతాయి. మర్రిని కాపాడే ఖర్చు రైతు ఒక్కడే భరించాలా? చెట్టు అందరిదైనప్పుడు దాని ఖర్చు కూడా అందరిదే కావాలి. చెట్టు కోసం పోయే ప్రతి గుంటకూ పూర్తి ధర కట్టండి, అప్పుడు మర్రికి మొదటి కాపలాదారు రైతే అవుతాడు.

ఇంతకీ ఆ ఏళ్లన్నీ ప్రభుత్వాలు ఏం చేశాయి? కేసు నడుస్తుంటే డివైడర్ పెట్టొద్దని ఎవరన్నారు? గుంతలు పూడ్చొద్దని ఎవరన్నారు? గేట్ల దగ్గర లైట్లు, మలుపుల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టొద్దని ఏ ట్రిబ్యునల్ చెప్పింది? ఓవర్‌లోడ్ టిప్పర్లను ఆపొద్దని ఏ మర్రిచెట్టు అడ్డుపడింది?

చట్టం లేక కాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, ఆ పైన టన్నుకు 2,000 చొప్పున వేయాలి. అదనపు లోడును దింపిన తర్వాతే బండిని కదలనివ్వాలి. అదే చట్టంలో 198ఎ సెక్షన్ ఉంది. రోడ్డు కట్టేవాళ్లు, నిర్వహించేవాళ్లు భద్రతా ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే లక్ష రూపాయల దాకా జరిమానా వాళ్లకూ ఉంది. హెల్మెట్ లేని రైతును ఆపి ఫొటో తీసే వ్యవస్థకు, పైకి కుప్పగా కంకర పోసుకొని పట్టా కూడా కప్పకుండా పోయే టిప్పర్ కనిపించదా? డ్రైవరు మీద కేసు పెట్టి ఫైలు మూస్తారు. క్రషర్ దగ్గర ఎంత లోడు ఎక్కింది, ఎవరి కోసం పోతోంది, ట్రిప్పుల లెక్కన డబ్బులిచ్చి డ్రైవరును ఉరికించేది ఎవరు అని మాత్రం అడగరు.

ముందు భూమి, తర్వాత ధర

ఇప్పుడు పనులు ముందుకు కదులుతున్నాయి. మన్నెగూడ దాటి కూడా రేపో మాపో కొలతలు వస్తాయి. ప్రాంతీయ వలయ రహదారి పేరుతో ఇంకో గీత కూడా మా జిల్లాల మీద తిరుగుతోంది. అందుకే జాతీయ రహదారికి భూమి ఎలా తీసుకుంటారో ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి.

ఇది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద జరుగుతుంది. 3ఎ నోటిఫికేషన్ గెజిట్‌లో వస్తుంది. దాని సారాంశం రెండు పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లో అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. అది 3సి. ఆ 21 రోజులు దాటితే మన మాటకు విలువ లేదు. తర్వాత 3డి ప్రకటన వస్తుంది. అది రాగానే భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. ధర నిర్ణయించేది ఆ తర్వాత, 3జి కింద. మనం చేన్లో కలుపు తీస్తూనే ఉంటాం, కాగితం మీద ఆ చేను అప్పటికే మనది కాదు. ముందు భూమి, తర్వాత ధర. అంగట్లో బర్రెను కూడా ఎవడూ ఇలా కొనడు.

ధర నచ్చకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి పోవచ్చు. ఆ ఆర్బిట్రేటర్‌ను నియమించేది కూడా కేంద్ర ప్రభుత్వమే. సాధారణంగా జిల్లా కలెక్టరే ఆ కుర్చీలో ఉంటారు. తీసుకునేదీ సర్కారే, ధర కట్టేదీ సర్కారే, తగవు తీర్చేదీ సర్కారే.

అయినా మన చేతుల్లో ఏమీ లేదనుకోవద్దు. 2013 భూసేకరణ చట్టంలోని పరిహారం, పునరావాసం నిబంధనలు 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తాయి. స్టాంపుల విలువ, గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది ధర కావాలి. పల్లె భూమికి దాన్ని ఒకటి నుంచి రెండు రెట్ల దాకా గుణించవచ్చు. ఎన్ని రెట్లు అనేది రాష్ట్రం చేతిలో ఉంది. ఆ పైన నూటికి నూరు శాతం సొలేషియం. ఉదాహరణకు ఎకరం ధర 20 లక్షలుగా తేలిందనుకోండి. ఒకటితో గుణిస్తే సొలేషియంతో కలిపి 40 లక్షలు. రెండుతో గుణిస్తే 80 లక్షలు. ఒక్క అంకె మారితే రైతుకు వచ్చేది సగమవుతుంది. ఢిల్లీ మీద నెపం వేసే నాయకులను ఈ అంకె గురించి అడగండి. ఇది హైదరాబాద్‌లో తేలే విషయమే.

ఇంకో మోసం రిజిస్ట్రేషన్ పుస్తకంలోనే ఉంది. ఈ రోడ్డు పక్కన బయట నడిచే ధర ఒకటి, దస్తావేజులో రాసే ధర ఇంకొకటి. పన్ను మిగుల్చుకోవడానికి కొనేవాళ్లు తక్కువ రాయిస్తారు. అమ్మేటప్పుడు మనమూ తలూపుతాం. రేపు సర్కారు వచ్చి ఆ తక్కువ ధరే చూపించి మన భూమి తీసుకుంటుంది. ఇది మన తప్పు కూడా. ఒప్పుకుందాం, ఇకనైనా మానుకుందాం.

లావణి పట్టా భూములున్న దళిత, వెనుకబడిన కులాల రైతులకు ఒక మాట. అసైన్డ్ భూమి సర్కారుదే, దానికి పరిహారమేంటి అని ఏ అధికారి అన్నా బెదరొద్దు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దీని మీద తీర్పు ఇచ్చింది. ప్రజావసరాలకు అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. ఆ కేసు ఎక్కడిదో తెలుసా? చేవెళ్ల డివిజన్ భూసేకరణ అధికారి మీద నడిచిన కేసు అది. ఈ రోడ్డు పక్క రైతు కొట్లాడి సాధించిన హక్కు ఇది. దేశానికి చెప్పాల్సిన మనం దాన్ని మరిచిపోతే ఎలా?

కౌలుదారులు, చేనులో మూడేళ్లుగా పనిచేస్తున్న కూలీలు కూడా 2013 చట్టం ప్రకారం బాధిత కుటుంబాలే. భూమి పోయే చోట వాళ్ల పేర్లు కూడా జాబితాలో రాయించాలి. పట్టాదారు చెక్కు తీసుకొని పక్కకు జరిగితే కౌలు రైతు వీధిన పడకూడదు. ఈ విషయంలో మన సంఘం సభ్యులే ముందు నిజాయితీగా ఉండాలి.

నాలుగు లైన్లు వచ్చాక

రోడ్డు పూర్తయ్యాక మన పరిస్థితి ఏమిటో వేరే రహదారుల పక్కన ఉన్న రైతులను అడిగితే చెబుతారు. మధ్యలో డివైడర్ వస్తుంది. ఇల్లు ఈ పక్క, చేను ఆ పక్క. నడిచి దాటితే నిమిషం పట్టే దారికి ట్రాక్టర్‌ను కిలోమీటర్ల దూరం తీసుకుపోయి యూటర్న్ కొట్టాలి. ఆ డీజిల్ ఎవరిస్తారు? ఓపిక లేనివాడు రాంగ్ రూట్‌లో వస్తాడు, చనిపోతాడు. అప్పుడు తప్పు మళ్లీ రైతుదే అంటారు.

బైపాస్ అంటే ఊరిని తప్పించి చేన్ల మీదుగా పోయే రోడ్డు. ఎత్తుగా కట్ట పోస్తారు. వాన నీళ్లు పారే పాత వాగులు, కాలువలు లెక్కలోకి తీసుకోకపోతే కట్టకు ఒక పక్క చేను మునుగుతుంది, ఇంకో పక్క చెరువు ఎండుతుంది. మా ఊళ్ల వాగులు ఎటు పారతాయో సర్వే ఆఫీసు కంటే మా ఇంట్లో ముసలామెకు బాగా తెలుసు. ఆమెను ఎవరూ అడగరు.

రేపు టోల్ గేటు కూడా పెడతారు. రహదారుల ఫీజు నిబంధనల్లో ట్రాక్టరుకు, ఎడ్లబండికి, మూడు చక్రాల బండికి ఫీజు లేదు. సంతోషమే. కానీ కూరగాయలు మోసే బొలెరోకు ఉంది. 20 కిలోమీటర్ల లోపల ఉండేవాళ్లకు ఇచ్చే నెల పాసు వాణిజ్యేతర బండ్లకే. టమాట కిలో రెండు రూపాయలకు పడిపోయి రోడ్డు మీద పారబోసే రోజు కూడా మనం టోల్ కట్టి పోవాలన్నమాట.

మనం అడిగేది ఇదీ

మర్రినీ నరకొద్దు, మమ్మల్నీ నరకొద్దు. రోడ్డు కావాలి. ఈ పద్ధతిలో మాత్రం వద్దు.

1. ప్రతి గేటు దగ్గర రోడ్డుకు దూరంగా కూరగాయలు అమ్ముకునే షెడ్డు కట్టాలి. లైట్లు, తాగునీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి. షెడ్డు కట్టకుండా అమ్మేవాళ్లను తరమొద్దు.

2. రెండు వైపులా సర్వీసు రోడ్డు, ట్రాక్టరు, పశువులు పోయేలా అండర్‌పాస్‌లు ఎక్కడ కావాలో గ్రామసభలో అడిగి తేల్చాలి. వాగుల పటం గ్రామసభలో చూపించాకే కట్ట పోయాలి.

3. పల్లె భూమికి ధరను రెండు రెట్లు గుణించాలి. బోరు, పైపులైను, చెట్లు, పాలిహౌస్ లెక్క విడిగా కట్టాలి. డబ్బు రైతు ఖాతాలో పడిన తర్వాతే జేసీబీ చేన్లో దిగాలి.

4. లావణి పట్టాదారులకు సమాన పరిహారం ఇవ్వాలి. కౌలు రైతులు, కూలీల పేర్లు బాధిత జాబితాలో ఉండాలి.

5. ఉంచగలిగిన ప్రతి మర్రినీ ఉంచాలి. తప్పక తీయాల్సినవి నరకకుండా ఊళ్ల బంజరుల్లో, చెరువు కట్టల మీద నాటి బతికించాలి. ఆ పని గ్రామ పంచాయతీకి, డబ్బుతో సహా, అప్పగించాలి.

6. పని పూర్తయ్యేదాకా ఆగకుండా, ఇప్పుడే గేట్ల దగ్గర లైట్లు, వేగ నిరోధకాలు పెట్టాలి. పొద్దున పిల్లల బస్సులు తిరిగే వేళ టిప్పర్లను ఆపాలి. లోడును క్రషర్ దగ్గరే తూచాలి. జరిమానా డ్రైవరుకు కాదు, యజమానికి వేయాలి.

7. ఈ రోడ్డు మీద చనిపోయిన రైతుల, కూలీల, విద్యార్థుల కుటుంబాలకు ప్రకటించిన సాయం చివరి రూపాయి వరకు అందిందో లేదో గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇందులో అసాధ్యమైనది ఒక్కటీ లేదు. చట్టంలో లేనివి చాలా తక్కువ. కావాల్సింది మనసు. ఆ మనసు వాళ్లకు దానంతటది రాదు, మనం రప్పించాలి.

రైతు సోదరులారా, అక్కాచెల్లెళ్లారా! మీ ఊరి సర్వే నంబర్లు నోటిఫికేషన్‌లో వచ్చాయో లేదో ప్రతి వారం చూసుకోండి. వస్తే 21 రోజులు లెక్కపెట్టుకోండి. ఒక్కరే ఆఫీసుకు పోకండి, పదిమంది కలిసి పోండి. అభ్యంతరం కాగితం రెండు ప్రతులు రాయండి, ఒకదాని మీద ముద్ర వేయించుకొని దాచుకోండి. రాయడం రాకపోతే సంఘం కార్యకర్తను పిలవండి, మీ చాపలో కూర్చొని రాసిస్తాం. దళారి వచ్చి రేపు ఏమీ రాదు, ఇప్పుడే అమ్ముకో అంటే, చాయ్ తాగించి పంపించండి, సంతకం మాత్రం పెట్టొద్దు.

ఆలూరు గేటు దగ్గర ఆ రోజు తొక్కిపడేసిన కూరగాయలు మన చేన్లలో పండినవే. వాటిని అమ్మడానికి కూర్చున్నవాళ్లు మనవాళ్లే. రేపు అదే చోట నాలుగు లైన్ల రోడ్డు వచ్చి, దాని పక్కన మళ్లీ నేల మీదే గోనెసంచి పరుచుకొని మన ఆడవాళ్లు కూర్చోవాల్సి వస్తే, మనం రోడ్డు సాధించుకున్నట్టు కాదు. వేగంగా చావడానికి దారి వేయించుకున్నట్టు. అలా కానివ్వం.